డాక్టరమ్మ హస్తవాసి

“నేను చెప్పేస్తానత్తయ్యా. ఆమె వచ్చి కుర్చీలో కూర్చోగానే మొట్టమొదట ఆ మాటే చెప్పేస్తాను.”

భానుప్రియ ఆ మాట అంటూనే పొయ్యి ఆర్పేసింది. పెనం మీద దోసె సగం కాలి ఆగిపోయింది. ఆదిశేషమ్మ కోడలి మొహం చూసింది, పెనం చూసింది, ఆ తర్వాత ఖాళీ ప్లేటు ముందేసుకుని కూర్చున్న కొడుకుని చూసింది. కొడుకు ఎర్రకారం గిన్నెలోంచి తల ఎత్తడం లేదు.

“వింటా ఉండావా భాస్కరా? నీ పెళ్ళాం ఏమంటా ఉందో చెవినేసుకున్నావా? పుచ్చుపన్ను నోట్లోనే పెట్టి మంచిపన్ను పెరికేసినాను తల్లీ అని ఆ నాగులమ్మకి ఈమే చెప్తదంట! యాడన్నా ఉందా ఈ చోద్యం?”

“ఉన్నమాటే కదత్తయ్యా.”

“ఉన్నమాటంటే ఉలుకెక్కువ. రేపు ఆమె ఊరుకుంటదా? ఆమె కొడుకు ఊరుకుంటాడా? పాలెం పాలెం ఎత్తుకొచ్చి మన గుమ్మం ముందు కూర్చుంటే అప్పుడేం చేస్తావు?”

భానుప్రియ దోసెని పెనం మీంచి గీకి తీసి చెత్తబుట్టలో వేసింది.

శనివారం పన్ను పీకించుకుని వెళ్ళిన నాగులమ్మ ఈ పొద్దున్నే ఫోన్ చేసింది. “పన్నయితే పోయినాది గానీ నొప్పి పోలేదమ్మా. కంటికి కునుకు లేదు. మావోడు బండి మీద తెస్తానంటా ఉండాడు, రమ్మంటావా?” అంది. రమ్మంది భానుప్రియ. ఫోన్ పెట్టేసి, తడి తల కూడా తుడుచుకోకుండా మెట్లు దిగి కింద క్లినిక్‌లోకి పరిగెత్తింది. కంప్యూటర్లో నాగులమ్మ ఎక్స్‌రే తెరిచి చూసుకుంది. తిరిగి పైకి వచ్చిన మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇద్దరూ పళ్ళ డాక్టర్లే అయిన ఆ మొగుడూ పెళ్ళాలకి ఒక అలవాటుంది. పేషెంటు ముందు ‘పీకాలి’, ‘కొయ్యాలి’ అనే మాటలు అనుకోరు. వినేవాళ్ళు బెదిరిపోతారని, పన్ను నెంబరు మాత్రం చెప్పుకుంటారు. శనివారం విజయభాస్కర్ ఎక్స్‌రే తీసి, “కింద ఎడమవైపు ఏడు” అన్నాడు. భానుప్రియ నాగులమ్మ నోట్లో అద్దం పెట్టి ముందుపన్ను నుంచి లెక్కపెట్టుకుంటూ పోయి ఏడో పన్ను పట్టుకుంది. తంటా అక్కడే వచ్చింది. నాగులమ్మ పడుచుగా ఉన్నప్పుడే ఎవడో నాటువైద్యుడు ఆమెకి ఆ పక్క ఒక దవడపన్ను ఊడబెరికాడు. వెనక పళ్ళు ముందుకు జరిగి ఆ సందు ఎప్పుడో పూడిపోయింది. అంచేత వేలు పెట్టి లెక్కిస్తే ఏడోదిగా తేలేది నిజానికి ఎనిమిదోది, చిట్టచివరిది, నిక్షేపంలాంటి పన్ను. ఆకూ వక్కా పొగాకూ నమిలి నమిలి ఆమె పళ్ళన్నీ ఒకటే రంగు, పుచ్చేదో మంచేదో పైకి తెలిసే దారి లేదు. ఎక్స్‌రే ఒక్కసారి తిరిగి చూసుకుంటే తెలిసేది. బయట సంతరోజు జనం, లోపల తొందర. భానుప్రియ చూసుకోలేదు.

“చివరిదే కదా పోయింది,” అన్నాడు విజయభాస్కర్ నోరు విప్పి. “జ్ఞానదంతం. దాంతో ఆమెకి ఒరిగిందేముంది? రెండూ పుచ్చినాయి, ఒకటి శనివారం తీశాం, రెండోది ఇవాళ చూస్తాం అని చెప్పు. ఆమెకీ నష్టం లేదు, మనకీ రచ్చ లేదు.”

“ఆమెకి నష్టం లేదని మీరెట్లా చెప్తారండీ? నోరు ఆమెది.”

“అందరూ చేసేదే భానూ ఇది. నెల్లూరు పో, నాయుడుపేట పో, ఏ పళ్ళ డాక్టర్ని అయినా అడుగు. తన చేతిమీదుగా ఎప్పుడో ఒకసారి ఇట్లాంటిది జరగనివాడు లేడు. ఎవడన్నా దండోరా వేసుకున్నాడా?”

“వాళ్ళ సంగతి నాకు తెలీదు. నేను కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ ‘భయపడొద్దు, నేను చూసుకుంటాను’ అని చెప్తా ఉన్నాను. చూసుకోలేదు కదా మరి! ఇప్పుడు దానిమీద అబద్ధం కూడా చెప్పమంటారా?”

“అబద్ధం ఎందుకవుతుంది? కాస్త ఇటూ అటూగా చెప్పమంటున్నా.”

ఆదిశేషమ్మ మధ్యలో అందుకుంది. “వాడు చెప్పింది విను అమ్మాయ్. వాడు నీ మంచికోరి చెప్తా ఉండాడు.”

ఆ ‘మంచికోరి’ అన్నమాట విజయభాస్కర్‌కి ఎక్కడో తగిలింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు చటుక్కున లేచి మంచినీళ్ళ బిందె దగ్గరికి వెళ్ళాడు.

“ఏమండీ,” అంది భానుప్రియ వెనకనుంచి. “శనివారం నేను పన్ను పీకేటప్పుడు మీరు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు కదా. మీరైనా చూడలేదా?”

గ్లాసు బిందె అంచుకి కొట్టుకుని ఖంగుమంది.

“నేను ఫోన్ మాట్లాడతా ఉన్నా. మందుల కంపెనీ అతను.”

“అదే అనుకున్నా. చూసుంటే ఆపేవాళ్ళే.”

ఆమె ఆ మాట ఎంత నమ్మకంగా అందంటే, విజయభాస్కర్ గ్లాసులో నీళ్ళు తాగకుండానే పారబోశాడు.

ఎందుకంటే అతను చూశాడు. ఫోనూ లేదు, మందుల కంపెనీ లేదు. నిలబడి, రెండు కళ్ళూ పెట్టి, బాగానే చూశాడు.

చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ విజయభాస్కర్‌కి పెళ్ళాం మీద అసూయ. పక్క వీధిలో క్లినిక్ పెట్టిన డాక్టరు మీదనో, తనకంటే ముందు కారు కొన్న తోడల్లుడి మీదనో అయితే లోకం అర్థం చేసుకుంటుంది. ఇది తాళి కట్టిన పెళ్ళాం మీద. పగలంతా ఒకే క్లినిక్‌లో, రాత్రి ఒకే కప్పు కింద. ఇలాంటి అసూయకి సెలవుదినం కూడా ఉండదు.

ఒకప్పుడు కోట ఊళ్ళో పళ్ళ డాక్టరంటే అతనొక్కడే. భానుప్రియ కూడా చదివింది ఆ చదువే. పిల్లలు పుట్టాక ఏళ్ళ తరబడి పటకారు ముట్టుకోలేదు. చిన్నది బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, ‘ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, కిందకి రా’ అని పిలిచింది ఇతనే. మొదట్లో ఆమె చెయ్యి వణికేది. మణికట్టు పట్టుకుని, పన్నుని ఎటు కదిపితే వేరు వదులవుతుందో పిల్లకి అక్షరాలు దిద్దించినట్టు దిద్దించాడు. వణికే చెయ్యి కుదురుకుంది. కుదురుకుని ఊరుకుందా? పేరు తెచ్చుకుంది.

“డాక్టరమ్మ హస్తవాసి మంచిది” అన్నమాట ఎవరు పుట్టించారో గానీ కోట దాటి చిట్టమూరు దాకా పాకింది. ఆమె పీకితే నొప్పి తెలీదట, ఆమె చెయ్యి తగిలితే వాపు దిగిపోతుందట. పీతలు తెచ్చేవాళ్ళు ‘అమ్మకివ్వండి సార్’ అని అతని చేతికే బుట్ట ఇచ్చి పోయేవాళ్ళు. ఆ పీతల పులుసు రెండుసార్లు వడ్డించుకు తినేవాడు, తింటూనే ఉడుక్కునేవాడు. పోయిన వేసవిలో నాయుడుపేట పెళ్ళిలో ఒక పెద్దాయన కుర్చీలోంచి లేచి మరీ నమస్కారం పెట్టాడు. పొంగిపోయి ప్రతినమస్కారం చెయ్యబోతుంటే, “మీరు మా డాక్టరమ్మ గారి ఇంటాయన గదా!” అన్నాడు. ఆ పూట విజయభాస్కర్‌కి పెళ్ళిభోజనం సయించలేదు.

శనివారం కూడా అదే జరిగింది. నాగులమ్మకి ఎక్స్‌రే తీసింది అతను. చెడ్డ పన్ను ఏదో తేల్చింది అతను. గ్లోవ్స్ తొడుక్కుని దగ్గరికి వెళ్ళేసరికి ఆ మత్స్యకారుల ఆడమనిషి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

“నువ్వొద్దు సామీ. ఏమీ అనుకోబాక. ఆయమ్మ హస్తవాసి మంచిదంట గదా, ఆయమ్మనే పెరకమను.”

అందరూ వినేలా అంది. రిసెప్షన్‌లో ఉన్న పుష్పకుమారి నవ్వు ఆపుకోవడం అతను చూశాడు. గ్లోవ్స్ ఊడదీసి తలుపు దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భానుప్రియ మత్తు సూది ఇచ్చింది. మాటల్లో పెట్టింది. పటకారు తీసుకుంది. అది పోయి చివరి పన్నుని పట్టుకుంది.

‘ఆగు’ అన్నమాట అతని గొంతు దాకా వచ్చింది. చెయ్యి కూడా లేచింది. సరిగ్గా అప్పుడే ఇంకో మాట వచ్చి దానికి అడ్డం పడింది. ‘హస్తవాసి అన్నారుగా! చూద్దాం ఈ హస్తవాసి.’

అంతే. ఆ ఒక్క క్షణంలో నోరు మూసుకున్నాడు. పన్ను వచ్చేసింది.

ఈ సంగతి లోకంలో తనకొక్కడికే తెలుసు. అందుకే ఈ పొద్దుటినుంచి తేలు కుట్టిన దొంగలా మసులుకుంటున్నాడు.

“నీ పేరు పోతుంది భానూ,” అన్నాడు గ్లాసు బోర్లించి. “ఇన్నాళ్ళూ సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో గంగలో కలుస్తుంది. ఆలోచించుకో.”

“పోతే పోనీండి.”

ఎంత తేలిగ్గా అనేసింది! ఆ పేరు కోసం తను ఎన్ని రాత్రులు పక్కమీద దొర్లాడో ఈ మనిషికి తెలుసా? అది పోవాలని మనసులో కోరుకున్నవాడు తనే. తీరా ఆమె దాన్ని కంద తొక్కలా తీసి అవతల పారేస్తానంటే ఒళ్ళు మండుతోంది. ఆమె అబద్ధం చెప్పాలి. చెప్పి తీరాలి. ఒక్క అబద్ధం చెప్తే ఆమె కూడా తనలాంటి మనిషే అవుతుంది, అప్పుడు ఇద్దరూ సమానం. విజయభాస్కర్‌కి ఈ పొద్దున కావలసింది అదొక్కటే.

ఆదిశేషమ్మ కోడలి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “పోనీ వాడిని చెప్పనీ అమ్మాయ్. మొగోడు కాబట్టి ఆ నాగులమ్మ కొడుకు ముఖేష్‌తో ఎట్టనో ఒకట్ట సర్దుకుంటాడు. నువ్వు ఇవాళ కిందకి పోబాక.”

“అవును,” అన్నాడు విజయభాస్కర్ ఆ మాట పట్టుకుని. “నువ్వు పైనే ఉండు. నాగులమ్మతో నేను మాట్లాడతా.”

భానుప్రియ అతని వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దుటినుంచి ఇదే మొదటిసారి.

“నేను చేసిన తప్పు మీరెందుకండీ నెత్తిన వేసుకోవడం? మీరు ఆ మాత్రం అన్నారు, అది చాలు నాకు.”

ఇంతకంటే పెద్ద శిక్ష వేరే ఏముంటుంది? అతను తల దించుకుని మెట్లు దిగాడు.

క్లినిక్ ముందు అప్పటికే జనం కూర్చుని ఉన్నారు. పుష్పకుమారి పేర్లు పిలుస్తోంది. విజయభాస్కర్ తెల్లకోటు వేసుకుని గుమ్మంలో నిలబడి, “రండి పెద్దాయనా, మీరే కదా ముందు, చూస్తాను” అన్నాడు.

తలపాగా పెద్దాయన మొహమాటంగా నవ్వాడు. “పర్లేదు సార్. మాకేం తొందర లేదు. అమ్మ వచ్చినాకనే చూపించుకుంటా.”

పక్కనున్న ఆడమనిషి కూడా బెంచీ మీద సర్దుకుని కూర్చుంది, తననెక్కడ పిలుస్తాడోనన్నట్టు. విజయభాస్కర్ లోపలికి వచ్చి, ఉన్న పటకార్లనే తీసి మళ్ళీ ట్రేలో పేర్చాడు. ‘కాసేపు ఆగండి,’ అనుకున్నాడు కసిగా. ‘మీ అమ్మ ఏం చేసిందో కాసేపట్లో మీ చెవులతో మీరే వింటారు.’ అనుకున్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసింది కదా అని ఆ కసి పోలేదు.

ఎండ ముదిరాక నాగులమ్మ వచ్చింది. కొడుకు ముఖేష్ బండి ఆపి తల్లి రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. చేపల లారీల మీద తిరిగే మనిషి, మాట పెళుసు. నాగులమ్మ ఎడమ చెంప వాచి ఉంది. కొంగు ఉండచుట్టి దవడకి అదిమి పట్టుకుంది. అంత నొప్పిలోనూ భానుప్రియని చూడగానే మొహం విప్పారింది.

“వచ్చినానమ్మా. నిన్ను చూస్తానే సగం నొప్పి పోయినట్టుండాది.”

భానుప్రియ ఆమెని కుర్చీలో కూర్చోబెట్టింది. తలుపు దగ్గరికి వేసింది. ముఖేష్ కుర్చీ పక్కన నిలబడ్డాడు. విజయభాస్కర్ మళ్ళీ ఆ తలుపు పక్కనే, శనివారం నిలబడ్డ చోటనే నిలబడ్డాడు. వేరే చోటు లేక కాదు, కాళ్ళు అక్కడికే తీసుకుపోయాయి.

భానుప్రియ స్టూలు లాక్కుని నాగులమ్మ ఎదురుగా కూర్చుంది. కంప్యూటర్ తెరని ఆమె వైపు తిప్పింది.

“నాగులమ్మక్కా, మందు వేసే ముందు నీకొక మాట చెప్పాలి. ఇదిగో, నల్లగా తొర్ర కనిపిస్తా ఉందే, నొప్పి పెట్టే పన్ను ఇది. శనివారం నేను పీకింది ఇది కాదు. దీని వెనక ఉన్నది. దానికి ఏ జబ్బూ లేదు. నేను సరిగ్గా చూసుకోకుండా మంచిపన్ను పీకేశాను. తప్పు నాదే.”

 ముందుగా తేరుకున్నవాడు ముఖేష్.

“ఏందీ? ఏందన్నావు మేడం? మంచిపన్ను పెరికినావా? ఆమె నోట్లో మిగిలుండేదే నాలుగు పళ్ళు, దాంట్లో ఒకటి ఊడబెరికేసి ఇప్పుడు తీరిగ్గా చెప్తా ఉండావా?”

ఆ కేకకి పుష్పకుమారి బెదిరి తలుపు తీసింది. ఆమె వెనక బెంచీల మీది జనం లేచి నిలబడ్డారు. ముఖేష్ జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఇంకోతూరి చెప్పు మేడం. ఇదే మాట చెప్పు. మా పాలెం మొత్తం వినాల.”

“ఏయ్, ఫోన్ లోపల పెట్టు,” అన్నాడు విజయభాస్కర్. అనాలి కాబట్టి అన్నాడు.

“తీసుకోనివ్వండి,” అంది భానుప్రియ. ఫోన్ వైపు తిరిగింది. “నా పేరు భానుప్రియ. నేను పళ్ళ డాక్టర్ని. నాగులమ్మక్కకి పుచ్చుపన్ను పీకాల్సింది పోయి మంచిపన్ను పీకేశాను. ఎక్స్‌రే చూసుకోలేదు, అదీ నేను చేసిన తప్పు.”  మళ్ళీ నాగులమ్మ వైపు తిరిగింది. “అక్కా, ఆ పుచ్చుపన్ను కూడా పీకేస్తే ఆ పక్క నమలడానికి ఇబ్బందవుతుంది. రూట్ కెనాల్ చేసి దాన్ని నిలబెట్టొచ్చు. నా దగ్గర వద్దనుకుంటే నెల్లూరులో నువ్వు చెప్పిన డాక్టరు దగ్గరికి నేనే దగ్గరుండి తీసుకుపోతాను. అయ్యే ఖర్చంతా నాదే. నా మీద ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరికి చెయ్యాలో అది కూడా చెప్తాను.”

విజయభాస్కర్ జనం మొహాలు చూశాడు. ఇప్పుడు తిడతారు, ఇప్పుడు మొహం తిప్పుకుంటారు అని ఎదురుచూశాడు. తలపాగా పెద్దాయన గుమ్మంలోకి వచ్చి గట్టిగా ఊపిరి వదిలాడు.

“చేసిన తప్పు తన నోటితో చెప్పే డాక్టర్ని ఇన్నేళ్ళకి ఇప్పుడు చూసినా.”

ఇంకెవరో ‘అవునవును’ అన్నారు. విజయభాస్కర్‌కి ఉక్రోషం ముంచుకొచ్చింది. మంచి చేస్తే పేరు ఆమెకే. ఆఖరికి తప్పు చేసినా పేరు ఆమెకేనా? అందులో సగం తప్పు తనది. ఆ సగం కూడా ఆమె ఖాతాలోకే పోయింది, దండ పడింది కూడా ఆమె మెళ్ళోనే!

“ఆపరా ఆ ఫోను,” అంది నాగులమ్మ కొడుకుతో. వాడు ఆపలేదు. ఆమె వాణ్ణి వదిలేసి, కొంగు చివర ముడి విప్పింది. అందులోంచి పన్ను తీసి అరచేతిలో పెట్టుకుని భానుప్రియకి చూపించింది.

“పెరికిన పన్ను ఒకరి కాలికింద పడకూడదంటారమ్మా మా పెద్దోళ్ళు. సముద్రంలో ఎయ్యాల. అందుకే గదా మొన్న నిన్ను అడిగి తీసుకుపోయినా. అలల కాడికి పోయి, ఎయ్యబోతా ఒకసారి తిప్పి చూసినా. తొర్ర లేదు, చెడు లేదు. నాకు ఆడనే తెలిసిపోయినాది.”

“తెలిసి నాతో చెప్పలేదేందే అమ్మా?” అన్నాడు ముఖేష్.

“చెప్తే నువ్వు ఇట్టా ఎగరతావని.” మళ్ళీ భానుప్రియ వైపు తిరిగింది. “ఈ తల్లి చెప్తదా, దాస్తదా, చూద్దామనే వచ్చినా. దాచుంటే ఈ పన్ను నీ మొహానే కొట్టి పోయుందును. చెప్పినావు. మంచిపన్ను పోయినందుకు నా కడుపు మండతానే ఉండాది, లేదనను. అయినా ఈ పుచ్చుదాని సంగతి కూడా నువ్వే చూడు. ఇంకోళ్ళ చెయ్యి నా నోట్లో పెట్టనీను.”

భానుప్రియ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.  కళ్ళు తుడుచుకుని, లేచి కొత్త గ్లోవ్స్ తీసి ఒక చేతికి తొడుక్కోవడం మొదలుపెట్టింది.

రాబోయిన గాలివాన దాటిపోయింది అనుకున్నాడు విజయభాస్కర్. ఓర్వలేక ఒళ్ళంతా మండుతున్నా, కాస్త నిమ్మళించాడు. ఎవరికీ ఏమీ తెలీలేదు. ఇక మీదట కూడా తెలియదు. మెల్లగా బయటికి జారుకుందామని అడుగు వేశాడు.

నాగులమ్మ అతన్ని చూసింది. ఆమె చూపులో ఉన్నది జాలి.

“నువ్వు కూడా దిగులు పెట్టుకోబాక సామీ. మొన్న నీ మొహం చూసినా గదా నేను. నాకు పటకారంటే భయం, దాన్ని చూడకుండా నీ మీదనే కండ్లు పెట్టుకోని ఉండా. ఆయమ్మ పన్ను పట్టుకోంగానే నువ్వు నోరు తెరిచినావు, చెయ్యి పైకెత్తినావు. మళ్ళా ఏమనుకున్నావో, దించేసి నోరు మూసుకున్నావు. నా నొప్పి చూడలేకపోయినాడే సారు, ఎంత మంచోడు అనుకున్నా.”

భానుప్రియ నవ్వబోయింది. “అప్పుడు ఆయన ఫోన్ మాట్లాడతా ఉన్నారక్కా.”

“ఫోనా? ఫోన్ యాడిదమ్మా? చేతులు కట్టుకోని నిలబడుండె. పన్ను కాడనే చూస్తా ఉండె.”

రెండో గ్లోవ్ భానుప్రియ వేళ్ళ మీదే ఆగిపోయింది. ఆమె తలుపు వైపు చూసింది, అక్కడినుంచి కుర్చీ వైపు చూసింది. ఆ తలుపు దగ్గర నిలబడితే కుర్చీలో మనిషి నోరు ఎంత బాగా కనిపిస్తుందో ఆమెకి తెలుసు. పని నేర్చుకునే రోజుల్లో ఆమెని అక్కడే నిలబెట్టి, ‘ఇక్కడినుంచి చూడు, చివరి పన్ను దాకా కనపడుతుంది’ అని చూపించింది అతనే.

“ఏమండీ,” అంది. ఆ గొంతులో కోపం లేదు, ఇంకా రాలేదు. లేదని చెప్పండి, నేను నమ్ముతాను అని బతిమాలుతున్నట్టు ఉంది. “మీరు చూశారా?”

ఒక్క ‘లేదు’ చాలు. ఆమె నమ్ముతుంది. విజయభాస్కర్‌కి అదీ తెలుసు. గుమ్మంలో జనం అతనివైపు తిరిగారు. ముఖేష్ చేతిలో ఫోన్ భానుప్రియ మీదినుంచి పక్కకి జరిగి అతని మొహం మీద ఆగింది.

అతను నోరు తెరిచాడు.

“అదో!” అంది నాగులమ్మ. “ఆ పొద్దు కూడా అచ్చం అట్టనే తెరిచినాడమ్మా.”